మారయ్య మూటలోని ఎక్కువ బియ్యము

పండ్రెండవ శతాబ్దమున, కలచురి బిజ్జలుని కాలములో, కల్యాణమునకు వచ్చి చేరిన శరణులలో మారయ్య, లక్కమ్మ అను దంపతులు కలరు. వారి స్వస్థలము నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని అమరేశ్వరము. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరిన బియ్యము. అందుచేతనే ఆయనకు ఆయ్దక్కి మారయ్య యను పేరు వచ్చెను. కోతలైన చేలలో పరిగె ఏరుకొను బీదలను మన పల్లెలవారెల్లరు ఎరుగుదురు. మారయ్య పనియు అట్టిదే. ఆ గింజలనే లక్కమ్మ వండి జంగమునకు సమర్పించి, మిగిలిన ప్రసాదముతో దంపతులు దినము గడుపుచుండిరి.

ఒకనాడు మారయ్య అల్లమప్రభువు గోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. లక్కమ్మ వచ్చి గుర్తుచేయవలసి వచ్చెను. కాయకమే కైలాసమను భావము బసవేశ్వరుని వాక్యమని పలువురు తలంతురు గాని, అది కనబడునది ఈ మారయ్య వచనములోనే. అంతటివానికే ఆ మరపు!

తొందరగా పోయిన మారయ్యకు ఆనాడు ముంగిట గింజలు విస్తారముగా కనబడెను. ఆయన పేదరికమునకు జాలిగొని బసవేశ్వరుడే చల్లించెనని చెప్పుట కలదు. మారయ్య ఉన్నదంతయు మూటగట్టి యింటికి తెచ్చెను. నిత్యము కొలిచి వండు చేయి గనుక, మూటను చూడగానే లక్కమ్మకు తేడా తెలిసెను. శివభక్తునికి ఇంత ఆశ యేలయని అడిగి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను.

ఇందు దొంగతనమేమి కలదు? గింజలు నేలపాలైనవి, తెచ్చినది దాసోహమునకు. ఇచ్చినవాని జాలియు తప్పు కాదు, తెచ్చినవాని భక్తియు తప్పు కాదు. ఆ రెండును కలిసిన చోటనే ఆశ పుట్టెను. అది దాసోహపు వేషము ధరించి వచ్చెను గనుకనే మారయ్య దానిని గుర్తింపలేకపోయెను. ‘రేపటి జంగమునకు పనికివచ్చును’ అను మాట ఎంత భక్తియుక్తముగా వినబడును! ఆ పూట అక్కరకెంతయో లెక్కించి సేకరించు గృహస్థులును, మఠములును నేడెన్ని కలవు?

లక్కమ్మ తన వచనమున ఆశను రాజుల పాలికి విడిచిపెట్టెను. ఆమె కాలపు రాజు బిజ్జలుడు; ఆతని కోశాగారము బసవేశ్వరుని చేతిలో నుండెను. ఆ ధనమును బసవేశ్వరుడు జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పినవారును, లెక్క చూడగా మాడైనను తగ్గకుండుటయు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి తెలిసినదే. కోశాగారమున వెదకినను దొరకని ఆశ, నేలరాలిన బియ్యములో దొరికెను.

మరియొక విశేషము కలదు. లక్కమ్మ వచనముల అంకితము ‘మారయ్యప్రియ అమరేశ్వరలింగ’. భర్తను మందలించు మాటకు సైతము చివర భర్త పేరే ముద్రగా నిలిచెను. ఆయనను తక్కువచేయుట ఆమె ఉద్దేశము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

మారయ్య మారుపలుకక మూటతో వెనుదిరిగెను. తరువాత లక్కమ్మ బసవేశ్వరుని, లక్షా తొంబదియారువేల జంగములను విందుకు పిలువుమనెను. అందరును వచ్చిరి, అందరును తృప్తిగా భుజించిరి. ఆనాడు ఎసటిలో పడినది ఏరి తెచ్చిన నాటి బియ్యమే.