ఆంగ్లమున వ్యతిరేకపదములు

చీకటి నెఱిగినవానికే వెలుగు విలువ తెలియును. మాటల విషయమునను నిట్లే. పరభాష నేర్చు విద్యార్థి యొక పదముతోపాటు దాని వ్యతిరేకపదమును గూడ నేర్చిన యెడల, ఒక శ్రమకు రెండు ఫలములు దక్కును.

ఈ మార్గము క్రొత్తది కాదు. 1779లో లండను నగరమున జన్మించిన పీటర్ మార్క్ రోజె అను వైద్యుడు 1805లో తన యుపయోగమునకై యొక పదపట్టికను వ్రాసికొనెను. దానినే పెంచి, డెబ్బదిమూడేండ్ల ప్రాయమున, 1852లో ‘థిసారస్’ అను పేర ప్రకటించెను. అందు పదములు అక్షరక్రమమున గాక భావక్రమమున నుండెను. పరస్పరవిరుద్ధములైన భావములను అతడు ఎదురెదురు వరుసలలో నిలిపెను.

ఆంగ్లమున కొన్ని ఉపసర్గలు వ్యతిరేకార్థము నిచ్చును. ‘హ్యాపీ’ యనగా సంతోషము గల. ‘అన్‌హ్యాపీ’ యనగా సంతోషము లేని. ‘లైక్’ అనగా ఇష్టపడుట. ‘డిస్‌లైక్’ అనగా ఇష్టపడకుండుట. లాటినునుండి వచ్చిన ‘ఇన్’ అను ఉపసర్గ తరువాతి ధ్వనినిబట్టి రూపము మార్చుకొనును. ‘కరెక్ట్’ అనుదానికి ‘ఇన్‌కరెక్ట్’, ‘పాసిబుల్’ అనుదానికి ‘ఇంపాసిబుల్’, ‘లీగల్’ అనుదానికి ‘ఇల్లీగల్’, ‘రెగ్యులర్’ అనుదానికి ‘ఇర్రెగ్యులర్’ వ్యతిరేకములు.

సంధి నెఱిగిన తెలుగు విద్యార్థికి ఇది వింత గాదు. సంస్కృతమున హల్లునకు ముందు ‘అ’, అచ్చునకు ముందు ‘అన్’ చేరును: సత్యము, అసత్యము, ఉచితము, అనుచితము. ఈ ‘అన్’ ఆంగ్లపు ‘అన్’ను పోలియుండుట యాదృచ్ఛికము గాదు. సంస్కృతము, లాటిను, ఆంగ్లము ఒకే మూలభాషనుండి పుట్టినవి. తెలుగు ద్రావిడకుటుంబమునకు చెందినదైనను, సంస్కృతపదముల మూలమున ఆ ఉపసర్గ తెలుగువారికి చిరపరిచితము.

ఒక్కొక్క పదమునకు ఒకటికంటె నెక్కువ వ్యతిరేకపదము లుండవచ్చును. ‘ఓల్డ్’ అను పదమునకు మనుష్యుని విషయమున ‘యంగ్’, వస్తువు విషయమున ‘న్యూ’ వ్యతిరేకములు. బరువునకు సంబంధించిన ‘లైట్’కు ‘హెవీ’యు, రంగునకు సంబంధించిన ‘లైట్’కు ‘డార్క్’ను ఎదురుమాటలు. కావున పదమును వాక్యమునందుంచియే నేర్వవలెను. మఱియు ‘హాట్’, ‘కోల్డ్’ అను వాని నడుమ ‘వార్మ్’, ‘కూల్’ అను మెట్లు గలవు; ‘అలైవ్’, ‘డెడ్’ అను వాని నడుమ మెట్టు లేదు. వేడిగా లేనిదెల్ల చల్లనిది కాదు. ప్రాణము లేనిది మాత్రము మృతమే.

ఉపసర్గను చూచినంతనే అర్థము నూహించుట ప్రమాదము. ‘ఇన్‌వాల్యుయబుల్’ అనగా విలువలేనిది కాదు, వెలకట్టరానిది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనగా అంటుకొననిది కాదు, సులభముగా అంటుకొనునది. ఇచ్చట ‘ఇన్’ నిషేధార్థకము గాదు; నిప్పంటించుట యను అర్థముగల లాటిను క్రియలోని భాగము. నూనెపీపాపై ఆ మాట చదివి, మండదని తలచి, దీపమును చేరువకు గొనిపోవువాడు ప్రాణమునే కోల్పోవచ్చును. అందుచేతనే హెచ్చరికలయందు ‘ఫ్లేమబుల్’ అను పదమును వాడుట మేలని తలచిరి. దానికి ‘నాన్‌ఫ్లేమబుల్’ వ్యతిరేకపదము.

కావున విద్యార్థి వ్యతిరేకపదము నూహించినపిదప నిఘంటువును చూచి నిశ్చయించుకొనవలెను. ఊహ పదసంపదను పెంచును. పరిశీలన దానిని కాపాడును.

ప్రశ్నలు
1. రోజె తన గ్రంథమున పదముల నెట్లమర్చెను?
2. ‘ఇన్’ అను ఉపసర్గ ఎట్టి మార్పులు పొందును?
3. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను పదము విషయమున ఏల జాగ్రత్త వహింపవలెను?