కర్ణికారము : రేలయా? కొండగోగా?

అమరకోశ ద్వితీయకాండమందలి వనౌషధివర్గమును కంఠస్థము చేయని సంస్కృత విద్యార్థి మా బాల్యమున అరుదు. కాని అందు పఠింపబడిన చెట్టును చూపుమన్నచో చూపగలవారును అరుదే. "వృక్షవిశేషము" అను వివరణముతో పాఠము ముగియుచుండెను. నేనును అట్లే చదివితిని. అధ్యాపకుడనైన పిమ్మట కర్ణికారమనగా రేల యని చిరకాలము బోధించితిని. ఆ బోధ దిద్దుకొనదగినదని ఈ వ్యాసమున నివేదించుచున్నాను.

ఈ నామమునకు మూడు వృక్షములు పోటీపడుచున్నవి. ఉత్తరదేశమున పలువురు కనకచంపకమును కర్ణికారమందురు. కేరళీయులు విషుపర్వమున కణికొన్న యని పూజించు రేలపూవునే కర్ణికారమందురు. తెలుగు నిఘంటువులలో కొండగోగు, రేల అను రెండర్థములును కానవచ్చును.

కాళిదాసు కుమారసంభవ తృతీయసర్గమున ఈ పుష్పమునకు మూడు లక్షణములు సూచించెను. అవి వసంతమున పూయుట, బంగారువన్నె, పరిమళము లేమి. కనకచంపకము రేకులు తెల్లనివి. రాత్రివేళ విచ్చి మిక్కిలి పరిమళించును. కావున అది తొలగుచున్నది.

ఇక రేల. అమరసింహుడు ఆరగ్వధమును రాజవృక్ష, కృతమాలాది పర్యాయములతో ఒకచోటను, కర్ణికారమును ద్రుమోత్పల, పరివ్యాధ శబ్దములతో వేరొకచోటను పఠించెను. రేలయే ఆరగ్వధమనుట వైద్యశాస్త్ర ప్రసిద్ధము. 2001లో థాయిలాండు జాతీయపుష్పముగా ప్రకటించిన రేలకు ఆ దేశభాషలోని పేరు రాజవృక్ష శబ్దభవమే. కోశకారుడు వేరుపరచిన రెంటిని మనము ఏకము చేయుట యుక్తము కాదు.

గిద్దలూరునుండి నంద్యాలకును, మార్కాపురమునుండి దోర్నాల మీదుగా శ్రీశైలమునకును పోవు మార్గములు నల్లమలలో ప్రవేశించును. మాఘ ఫాల్గుణములలో ఆ రాతివాలులపై, ఆకులన్నియు రాలిన కొమ్మల చివర, అరచేతియంతటి పసిడిపూలు పైకి విచ్చియుండును. ఐదు రేకులు, నడుమ దట్టమైన కేసరములు. అది కొండగోగు. రేల ప్రధానముగా ఎండకాలమున, క్రిందికి వ్రేలాడు గుత్తులతో పూయును. ద్రుమోత్పలమనగా చెట్టున పూచిన కలువ. ఆ పేరు పైకి విచ్చిన ఒంటిపూవునకు అన్వయించినట్లు వ్రేలాడు గుత్తికి అన్వయింపదు.

ఇచట నొక శంక. పార్వతి ముంగురులలో శోభించిన కర్ణికారము అంత పెద్దపూవు కానేర్చునా? మందారమును ఒంటిగా కొప్పున తురుముట నేటికిని కలదు గావున పరిమాణము బాధకము కాదు. మరియొక శంక. రేలపూవు తావియు స్వల్పమే కదా? నిజమే. అందుచే నిర్గంధత్వ మొక్కటియే నిర్ణాయకము కాదు. కోశభేదము, ఋతువు, వ్యుత్పత్తి మూడును కూడి కొండగోగును సమర్థించుచున్నవి. కేరళ సంప్రదాయమును నిరసించుట ఉద్దేశము కాదు. దేశభేదముచే ఒకే నామము పలు చెట్లకు చెల్లుట కలదు. తెలుగుదేశమున పాఠము చెప్పువారు కొండగోగును ప్రథమార్థముగా గ్రహించుట మేలని మాత్రమే నా మనవి.

ఈ చెట్టు పశ్చిమ ప్రకాశమువంటి మెట్టనేలలకు అనుకూలము. నీరు నిలువని రాతినేల చాలును. విత్తనముచేతను, కొమ్మచేతను మొలచును. రేల గింజ పెంకు గట్టిది గావున గీరి నాటవలెను. కళాశాలల ఆవరణలలో ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెంచినచో, కర్ణికారారగ్వధముల భేదము విద్యార్థికి కంటి యెదుటనే తెలియును.