వంట చేసిన చేతులే నవల రాసినయి



ఈ నెల మన గోడపత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. మొన్న స్టడీ అవర్ల ఆరో తరగతి చెల్లె ఒకామె నన్ను అడిగింది. "అక్కా, నవలలు రాసేటోళ్లకు అన్నీ ముందే వస్తయా? లేకపోతే మనలెక్కనే నేర్చుకుంటరా?" అని. నాకు జవాబు రాలేదు. అందుకని తెలుగు టీచర్ గారిని అడిగి, పుస్తకాలు చూసి, వట్టికోట ఆళ్వారుస్వామి గారి గురించి తెలుసుకున్నాను. ఆ సంగతులే ఈ పాఠం.

ఎవరు ఈయన?

ఆళ్వారుస్వామి గారు 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాదారం గ్రామంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయినాడు. చదివించేవాళ్లు లేరు. ఒక పంతులు గారి ఇంట్లో వంట చేసి పెట్టుకుంట చదువు నేర్చుకున్నారు. తర్వాత విజయవాడలో హోటల్ సర్వర్‌గా పనిచేసినారు. అది నిజాం కాలం. బడుల్లో ఉర్దూదే పెద్దపీట. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గూడ ఉర్దూలోనే పాఠాలు చెప్పేవారు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో భాష ఒకటి. ఈ బాధ మనలో చాలామందికి ఎరుకే. ఒకటో తరగతిల నేను గూడ టీచర్ చెప్పింది అర్థంకాక, పక్కపిల్ల లేస్తే లేచి, కూర్చుంటే కూర్చున్న.

మొదటి సంగతి: చదువుట

ఆయన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పని చేసినారు. ఆ పత్రికను సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో స్థాపించారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించింది ఆయనే.

ప్రూఫు దిద్దుట అంటే ఏమిటి? ఆ రోజుల్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటి చేత్తో పేర్చేవారు. ముందుగా ఒక కాగితం మీద అచ్చు తీసేవారు. దాన్ని అక్షరం అక్షరం చదివి, ఒత్తు పోయినకాడ, దీర్ఘం తప్పినకాడ గుర్తు పెట్టాలె. అట్ల చదివితే వాక్యం ఎట్ల కట్టినారో తెలుస్తది. మనం గూడ పాఠం ఊరికె బట్టీ పట్టుకుండ ఒకసారి ప్రూఫు దిద్దినట్టు చదివి చూడాలె.

రెండో సంగతి: చదివించుట

1938లో ఆయన సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టినారు. గ్రంథమాల అంటే ఒకే పేరు కింద వరుసగా పుస్తకాలు వేయడం. వేసి ఊకె కూర్చోలేదు. తనే పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగి అమ్మినారు. ఎల్లారెడ్డి అంగట్ల కూరగాయల గంప ఎత్తుకొని తిరిగే అమ్మలను చూస్తే నాకు అదే యాదికొస్తది. తను చదివి మురిసేవాడు పాఠకుడు. ఇంకొకరి చేతుల పెట్టేవాడు అంతకన్న పెద్ద.

మూడో సంగతి: చూసింది రాయుట

నిజాంకు ఎదురు తిరిగినందుకు ఆయన చాన్నాళ్లు జైళ్లలో ఉన్నారు. అందులో నిజామాబాద్ జైలు ఒకటి. 2016 దాక మన కామారెడ్డి, ఎల్లారెడ్డి గూడ నిజామాబాద్ జిల్లాలోనివే. కామారెడ్డి స్టేషన్ల రైలెక్కితే నిజామాబాద్ పోవచ్చు. అక్కడ ఖిల్లాలోనే ఆ జైలు ఉండేది. 1948లో మహాకవి దాశరథి కృష్ణమాచార్య గారు, ఆళ్వారుస్వామి గారు అక్కడ కలిసే ఉన్నారు. కాగితం లేక దాశరథి గారు బొగ్గుతో గోడమీద పద్యాలు రాసినారు. అంటే అది గూడ ఒక గోడపత్రికే కదా! మనకు డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు ఉన్నయి. అయినా "నాకు రాదు" అని తప్పించుకుంటం.

జైల్లో చూసిన ఖైదీల బతుకుల మీద ఆళ్వారుస్వామి గారు "జైలు లోపల" అనే కథలు రాసినారు. ఆయన నవల "ప్రజల మనిషి" 1950ల కాలంలో వచ్చింది. అందులో దొర పెత్తనం, వెట్టిచాకిరి ఉంటయి. వెట్టి అంటే కూలి ఇయ్యకుండ బలవంతాన చేయించే పని. ఆయన రాజుల కథ రాయలేదు. కండ్లార చూసిన పల్లె మనుషుల కథ రాసినారు.

నాలుగో సంగతి: విడువకుండుట

తర్వాత "గంగు" అనే నవల మొదలుపెట్టినారు. పూర్తికాకముందే 1961లో చనిపోయినారు. అప్పటికి 46 ఏండ్లు గూడ నిండలేదు. గంగు అట్లనే, ఆయన పోయిన తర్వాత అచ్చయింది. ఆయన మొదలుపెట్టిన పనిని దాశరథి గారి తమ్ముడు రంగాచార్య గారు అందుకొని చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం రాసినారు. ఒకరు ఆపినకాడ ఇంకొకరు పట్టుకున్నరు. నాట్లేసేటప్పుడు ఒకామె నడుము నొచ్చి గట్టుమీద కూర్చుంటే పక్కామె ఆ మునుం అందుకోదా? అట్లనే.

మనం చేయవలసినవి

1. రోజుకు అర పేజీ రాయాలె. ఆ రోజు చూసిందే రాయాలె.
2. రాసింది తెల్లారి చదివి తప్పులు దిద్దాలె. కొట్టివేతలకు సిగ్గుపడొద్దు.
3. ఇంటి మాట వస్తే ఆపకుండ రాయాలె. అర్థం పక్కన చెప్పొచ్చు.
4. దోస్తుకు చదివి వినిపించాలె. వినేటోళ్లు నవ్వొద్దు.

చివరి మాట

దసరా సెలవులకు ఇంటికి పోయిన మన క్లాసు అమ్మాయి ఒకామె ఇంకా రాలేదు. ఆమె మంచం ఖాళీగనే ఉంది. "ఇంట్ల వంట ఎవరు చేస్తరు, ఇగ చదువు చాలు" అన్నరట. ఈ పాఠం రాసుకుంట ఆమెనే తలుచుకున్న. వంట చేసిన చేతులు నవల గూడ రాసినయి కదా అని ఆమెకు ఉత్తరం రాసిన. మీరు గూడ తలా రెండు వాక్యాలు రాసి ఇయ్యండి. అన్నీ ఒకే కవర్ల పెట్టి పంపుదాం. వార్డెన్ మేడమ్ గారూ, మీరు గూడ ఆమె అమ్మానాన్నలకు ఒక మాట చెప్పగలరని కోరుచున్నాను.

ఆమె నోటుబుక్కుల సగం రాసిన కథ ఒకటుంది. నేను దాచిపెట్టిన. వచ్చి ఆమెనే పూర్తి చేయాలె.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని

ప్రశ్నలు: (1) ప్రూఫు దిద్దుట అనగానేమి? (2) దేశోద్ధారక గ్రంథమాల ఎప్పుడు, ఎక్కడ స్థాపించబడినది? (3) నీవు నిన్న చూసిన ఒక సంగతిని ఐదు వాక్యాల్లో రాయుము.