డాలస్‌లో ప్రపంచ కప్: ప్రశ్నలు - జవాబులు

2026 జూన్ 11 నుంచి జూలై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికో కలిసి నిర్వహించే పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో 48 జట్లు 16 నగరాల్లో 104 మ్యాచ్‌లు ఆడతాయి. వాటిలో అన్ని నగరాల కంటే ఎక్కువగా 9 మ్యాచ్‌లు టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ వాటాకు వచ్చాయి. జూలై 14న జరిగే సెమీఫైనల్ అందులో ఒకటి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం కావడం వల్ల బంధువులను, ఆటను ఒకే ప్రయాణంలో చూసి రావచ్చునని భావించేవారు ఎందరో ఉంటారు. అటువంటివారికి కలిగే ముఖ్యమైన సందేహాలకు ఈ కింద సమాధానాలు ఉన్నాయి.

ప్రశ్న: మ్యాచ్ టికెట్ చేతికి వస్తే వీసా కూడా వచ్చినట్టేనా?

జవాబు: కాదు. టికెట్ ఆటను చూసే హక్కును మాత్రమే ఇస్తుంది. ఆ దేశంలో అడుగు పెట్టడానికి భారతీయులకు బి1/బి2 అనే సందర్శక వీసా విడిగా కావాలి. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్టు అధికారి ముందుగానే భావిస్తాడు. ఉద్యోగం, చదువు, కుటుంబం, ఆస్తి వంటి బంధాలను చూపి, తప్పక తిరిగి వెళ్తామని ఒప్పించే భారం దరఖాస్తుదారుదే. ఫిఫా నుంచి నేరుగా టికెట్ కొన్నవారికి ఇంటర్వ్యూ తేదీ త్వరగా దొరికేలా ‘ఫిఫా పాస్’ అనే ఏర్పాటును 2025 నవంబరులో ప్రకటించారు గానీ, అది తేదీని ముందుకు జరుపుతుందే తప్ప పరిశీలనను సడలించదు. అందుచేత హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లేవారు టికెట్‌నే నమ్ముకోకుండా తమ జీవనాధారాన్ని తెలిపే పత్రాలను సిద్ధం చేసుకోవాలి. వీసా చేతికి రాకముందే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని విమాన టికెట్లు కొనడం క్షేమం కాదు. వీసా ముద్రించాక కూడా ఎన్నాళ్లు ఉండవచ్చునో విమానాశ్రయ అధికారి నిర్ణయించి, ఐ-94 అనే ప్రవేశ నమోదులో పొందుపరుస్తాడు; పాటించవలసినది వీసా గడువును కాదు, ఆ తేదీని.

ప్రశ్న: స్టేడియం డాలస్ నగరంలోనే ఉందా? బస ఎక్కడ చూసుకోవాలి?

జవాబు: ఈ ప్రయాణమంతటికీ కీలకమైన ప్రశ్న ఇదే. టికెట్ మీద ‘డాలస్ స్టేడియం’ అని ఉన్నా, నిజానికి అది డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానమైన ఏటీ అండ్ టీ స్టేడియం. 2009లో ప్రారంభమైన ఈ మైదానం డాలస్, ఫోర్ట్ వర్త్ నగరాల నడుమ ఆర్లింగ్టన్‌లో, డాలస్ నడిబొడ్డుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆర్లింగ్టన్‌కు మెట్రో రైలు గానీ, నిర్ణీత మార్గాల్లో తిరిగే సిటీ బస్సులు గానీ లేవు. అక్కడివారు ఎక్కడికి పోవాలన్నా సొంత కారు మీదనో, ఫోన్‌లో పిలిచే వాహనం మీదనో ఆధారపడతారు. మ్యాచ్ ముగిసి వేలాది మంది ఒక్కసారిగా బయటికి వచ్చే వేళ అటువంటి వాహనం దొరకడమూ కష్టం, దొరికితే కిరాయీ ఎక్కువ.

ఈ లోటును పూరించడానికి నిర్వాహకులు టీఆర్‌ఈ అనే ప్రాంతీయ రైలును ఆధారంగా చేసుకున్నారు. డాలస్ యూనియన్ స్టేషన్ నుంచి ఫోర్ట్ వర్త్ దాకా నడిచే ఈ రైలు నుంచి నడుమ సెంటర్‌పోర్ట్ స్టేషన్‌లో ప్రేక్షకులను దించి, అక్కడి నుంచి బస్సుల్లో స్టేడియానికి చేర్చాలన్నది పథకం. కనుక బసను స్టేడియం దూరాన్ని బట్టి కాక, ఈ రైలు మార్గాన్ని బట్టి ఎంచుకోవడం వివేకం. తెలుగువారు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌లో టీఆర్‌ఈ ఆగుతుంది కాబట్టి అక్కడి బంధువుల ఇల్లు ఎంతో అనుకూలం. ఫ్రిస్కోలోని ఇల్లు ఎంత విశాలమైనదైనా, అక్కడికి డాలస్ ప్రాంత రవాణా సంస్థ అయిన డార్ట్ రైళ్లు రావు, స్టేడియమేమో సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ దిగేవారు రానూపోనూ కారు ఏర్పాటును, కారు నిలిపే చోటుకు ముందస్తు అనుమతిని ఆతిథేయులతో ముందే మాట్లాడుకోవాలి. ఏ ఇంట్లోనైనా పనిరోజున ఆ భారం ఒక్కరి మీదే పడటం న్యాయం కాదు.

ప్రశ్న: అక్కడి ఎండ ఎలా ఉంటుంది? స్టేడియంలోకి ఏమి తీసుకెళ్లవచ్చు?

జవాబు: జూలైలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 35 డిగ్రీలు దాటుతుంది. స్టేడియానికి తెరుచుకుని మూసుకునే పైకప్పు, లోపల శీతలీకరణ ఉన్నందువల్ల ఆట చూసేటప్పుడు ఇబ్బంది ఉండదు గానీ, నీడలేని విశాలమైన తారు మైదానాల మీదుగా నడిచి, తనిఖీ వరుసలో నిలబడే సమయమే పెద్దలకు, పిల్లలకు పరీక్ష. టోపీ, దాహం వేయకముందే నీళ్లు తాగడం, గంటల ముందే బయలుదేరడం అవసరం. భద్రత కోసం ఈ స్టేడియంలోకి పెద్ద చేతిసంచులను, వీపు సంచులను అనుమతించరు. లోపలి వస్తువులు బయటికి కనిపించే, సుమారు 30 సెంటీమీటర్ల పారదర్శక సంచిని తీసుకెళ్లవచ్చు. అమెరికాలో వైద్యం అత్యంత ఖరీదైనది కాబట్టి ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా ఎవరూ బయలుదేరకూడదు.

ప్రశ్న: బంధువులకు మామిడిపళ్లు, కరివేపాకు, పచ్చళ్లు తీసుకెళ్లవచ్చా?

జవాబు: ప్రయాణం మామిడి కాలంలోనే పడినా, బంగినపల్లి పండు ఒక్కటి కూడా సంచిలో పెట్టుకోకూడదు. వికిరణ ప్రక్రియతో, అంటే నియమిత కిరణాలతో పురుగులను నిర్వీర్యం చేసి, వ్యాపార సరుకుగా ఎగుమతి చేసిన భారతీయ మామిడినే అమెరికా అనుమతిస్తుంది. పచ్చి కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క కనుక, నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని వెంట వస్తుందన్న భయంతో దానినీ నిషేధించారు. మాంసపు పచ్చళ్లు వద్దు. ఆవకాయ, కారప్పొడుల వంటివాటిని కస్టమ్స్ పత్రంలో తప్పక ప్రకటించి, నిర్ణయాన్ని అధికారికి వదలాలి. ప్రకటించిన వస్తువును మహా అయితే పారవేస్తారు, దాచిన వస్తువుకు జరిమానా వేస్తారు.

ప్రశ్న: టికెట్ దొరకనివారు వెళ్లడం దండగేనా?

జవాబు: దండగ కాదు. డార్ట్ గ్రీన్ లైన్ రైలు ఆగే ఫెయిర్ పార్క్‌ను ఫ్యాన్ ఫెస్టివల్‌కు, అంటే అభిమానులు గుమిగూడి పెద్ద తెరల మీద మ్యాచ్‌లు చూసే ఉత్సవానికి ఎంచుకున్నారు. ఆ ఆవరణలోని కాటన్ బౌల్ మైదానంలోనే 1994 జూలై 9న క్వార్టర్ ఫైనల్‌లో బ్రెజిల్ 3-2తో నెదర్లాండ్స్‌ను ఓడించింది. గోల్ కొట్టిన బెబెటో, అప్పుడే పుట్టిన తన బిడ్డ కోసం చేతులను ఉయ్యాలలా ఊపిన ఆ దృశ్యం ఫుట్‌బాల్ చరిత్రలో నిలిచిపోయింది. ఆట లేని రోజున ఫోర్ట్ వర్త్‌లోని కింబెల్ కళా ప్రదర్శనశాలను చూడటం మంచిది. అహ్మదాబాద్ ఐఐఎం భవనాలను రూపొందించిన లూయీ కాన్ దానికి కూడా వాస్తుశిల్పి. టికెట్ కోసం తెలియని దళారులకు డబ్బు పంపి మోసపోవడం కంటే, ఫిఫా అధికారిక పునర్విక్రయ వేదికలో ప్రయత్నించి, దొరకకపోతే ఫెయిర్ పార్క్‌లో దేశదేశాల అభిమానుల నడుమ నిలబడి ఆటను చూడటం వేయి రెట్లు మేలు.