సర్రా క్రిమి - దాని తోకయే దాని అచ్చు

వర్షాకాలములో జోరీగలు పశువులను పీడించుట రైతులందరు ఎరిగినదే. కుట్టిన చోట కారు నెత్తురు కంటికి కనబడును. కాని ఆ కాటుతో కంటికి కానరాని వేరొక ప్రాణియు పశువు రక్తములో చేరవచ్చును. విడిచి విడిచి జ్వరము వచ్చుట, మేత తిన్నను చిక్కిపోవుట, రక్తము తగ్గుట, కాళ్లకు నీరు దిగుట సర్రా వ్యాధి లక్షణములు. ఈ క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతమున గుర్రముల, ఒంటెల రక్తములో కనుగొనెను. ఆయన పేరనే దీనిని ట్రిపనోసోమా ఇవాన్సై అందురు.

దీని శరీరమంతయు ఒకే కణము. పొడవు మిల్లీమీటరులో సుమారు 40వ వంతు. రెండు కొసలు సన్నగిలిన ఆకు వలె ఉండును. వెనుక కొస వద్దనున్న చిన్న సంచి నుండి కొరడా వంటి కశాభము బయలుదేరి, చీర అంచునకు కుట్టిన పట్టీ వలె శరీరమునకు అతుకుకొని ముందు కొస దాక సాగును. తోక అని పిలుతుము గాని, ఈదునప్పుడు ఇదియే ముందుండును! అది ఆడినప్పుడు శరీరమంతయు దానితో మెలికలు తిరుగును.

ఈ అతుకు ఈదుటకు మాత్రమే కాదు. ఆఫ్రికాలో పశువులకు నాగానా వ్యాధి కలిగించు ట్రిపనోసోమా బ్రూసీ దీనికి దగ్గరి చుట్టము. 2002లో ఆ క్రిమిలో అతుకునకు వలయు ఒక మాంసకృత్తును తగ్గించి చూడగా, కశాభము ఊడి వ్రేలాడినది. కణము రెండుగా చీలలేకపోయినది. 2003లో కశాభమును పొట్టిచేయగా కణము కూడ అదే పాళములో పొట్టిదైనది. తమలపాకు తోటలో తీగకు అవిసె మొక్క ఊత. ఇక్కడ ఆ ఊతను క్రిమి తానే పెంచుకొనును. సంతానవృద్ధి వేళ పాత కశాభము ప్రక్కన క్రొత్తది పుట్టి అతుకుకొనును. ఆ రెంటి నడుమ కణము నిలువున చీలును. అతుకు చెడిన చీలిక గీత కుదరదు.

మరియొక లాభము కూడ దానికి కలదు. పశువు రక్తములోని ప్రతిరక్షకములు క్రిమిపై అంటుకొన్నను, అది ముందుకు ఈదునప్పుడు ఆ ఒరిపిడికి అవి వెనుకకు కొట్టుకొనిపోయి సంచిలో పడును. క్రిమి వాటిని మ్రింగివేయును. ఇది 2007లో బ్రూసీలోనే కనుగొన్నారు.

కాలా అజార్ క్రిమితో పోల్చిన భేదము తెలియును. అది మనిషి కణములలో దాగునప్పుడు కశాభము మొండిగా మిగిలి, శరీరము గుండ్రనగును. 1903లో మదరాసులో డానవన్ చూచిన గుండ్రని రూపమిదియే.

జ్వరమున్న రోజుననే పశువైద్యునిచే రక్తము పరీక్షింపవలెను. జ్వరము తగ్గిన దినములలో క్రిములు రక్తములో అరుదై కనబడకపోవచ్చును. అప్పుడే తీసిన రక్తపు బొట్టును వెంటనే చూడవలెను. అందులో మెలికలు తిరుగు క్రిమి తేలికగా గుర్తు పట్టబడును. మందు మోతాదు వైద్యుడే నిర్ణయింపవలెను. జోరీగ ఒక పశువును వదలి వెంటనే మరియొక దానిపై వ్రాలును. కావున జబ్బు పశువును మందలో ఉంచక, వేరుగా, పొగ వేసిన కొట్టములో కట్టవలెను.