శర్కర నుండి షుగర్ దాకా

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక మాట అనేక భాషలలో ప్రవేశించినప్పుడు దాని రూపం, అర్థం ఎలా మారుతాయో, ఆ మార్పుల వెనుక ఏ మానవ చరిత్ర దాగి ఉంటుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఆంగ్లం నుండి తెలుగులోకి వచ్చి, నిత్యవ్యవహారంలో స్థిరపడిన మాటలలో 'షుగర్' ఒకటి. "కాఫీలో షుగర్ తక్కువ వేయండి" అన్నప్పుడు అది తినే పదార్థం. "ఆయనకు షుగర్ ఉంది" అన్నప్పుడు అది మధుమేహమనే వ్యాధి. తెలుగువారి నోట రెండు అర్థాలను సంపాదించుకున్న ఈ మాటను సామాన్యంగా అందరూ పరాయి మాటగానే భావిస్తారు. దాని పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే, దాని పుట్టినిల్లు భారతదేశమేనని తెలుస్తుంది.

ప్రకృతి-వికృతుల పట్టికలో 'శర్కర - చక్కెర' అనే జంటను విద్యార్థులు పాఠశాల స్థాయిలోనే చదివి ఉంటారు. 'శర్కర' సంస్కృత పదం. ఈ పదానికి మొదటి అర్థం తీపి పదార్థం కాదు. గులకరాయి, ముతక ఇసుక. మూత్రంలో కనిపించే సన్నని రాతి రేణువులను ఆయుర్వేద గ్రంథాలు నేటికీ శర్కర అనే పేరుతోనే వ్యవహరిస్తాయి. చెరకు రసాన్ని కాచి, గట్టిపరచి, పలుకులుగా చేసే విద్యను భారతీయులు సాధించినప్పుడు, ఆ పలుకులు ఇసుక రేణువులవలె కనిపించాయి. అందువల్ల రాతి పేరు తీపికి వచ్చింది. కౌటిల్యుని అర్థశాస్త్రం చెరకు నుండి తయారయ్యే పదార్థాలను పేర్కొంటూ గుడం, ఖండం, శర్కర అనే వాటిని వేరువేరుగా చెప్పింది. గుడమంటే బెల్లం. ఖండమంటే ముక్క. శర్కర అంటే పలుకుగా విడిపోయిన చక్కెర.

ఈ పదార్థం ఇతర దేశాల వారికి చాలాకాలం వింతగానే ఉండేది. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అలెగ్జాండరు వెంట వచ్చిన నౌకాధిపతి నియార్కస్, భారతదేశంలో తేనెటీగలు లేకుండానే తేనెనిచ్చే రెల్లు ఉన్నదని తెలిపినట్లు గ్రీకు రచనల వల్ల తెలుస్తున్నది. చైనీయులు దీనిని రాతి తేనె అన్నారు. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తైజుంగ్, చక్కెర తయారుచేసే విధానాన్ని నేర్చుకొని రమ్మని మగధకు దూతలను పంపాడు. వస్తువును కొనడంతో తృప్తిపడక విద్యను నేర్చుకోవాలనుకోవడం ఇక్కడ గమనింపదగిన విషయం.

వస్తువు దేశాంతరం వెళ్ళినప్పుడు పేరు కూడా దాని వెంట వెళ్ళింది. పారశీకులు శర్కరను 'షకర్' అన్నారు. అరబ్బులు 'సుక్కర్' అన్నారు. అరబ్బులు తాము వెళ్ళిన ఈజిప్టు, సిసిలీ, స్పెయిన్ దేశాలలో చెరకు సాగును వ్యాపింపజేశారు. అరబ్బీ భాషలో నామవాచకానికి ముందు 'అల్' అనే ఉపపదం చేరుతుంది. సకారం ముందు అది 'అస్'గా మారుతుంది. స్పెయిన్ ప్రజలు ఆ ఉపపదం కూడా మాటలో భాగమే అనుకొని 'అసూకర్' అన్నారు. ఇటలీ వారు 'జుక్కెరో' అనీ, ఫ్రెంచివారు 'సూక్ర్' అనీ పలికారు. ఫ్రెంచివారి ద్వారా 13వ శతాబ్దిలో ఆంగ్లంలో ప్రవేశించిన మాట క్రమంగా 'షుగర్' అయింది. ఆ రోజులలో ఐరోపాలో చక్కెర సుగంధద్రవ్యాల వలె మిక్కిలి ఖరీదైన సరుకు. ఔషధాలు అమ్మేవారు దానిని తూచి అమ్మేవారు.

గ్రీకు, లాటిన్ భాషల ద్వారా ఇదే మాట మరొక మార్గంలో శాస్త్రరంగానికి చేరింది. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో చెరకుకు 'సాకరమ్ అఫిసినారమ్' అని పేరు పెట్టాడు. 1879లో ప్రయోగశాలలో కనుగొన్న కృత్రిమ తీపి పదార్థానికి 'శాకరిన్' అనే పేరు వచ్చింది. ఈ రెండింటిలోను శర్కర శబ్దమే వినిపిస్తుంది.

ఇంతకంటె ఆశ్చర్యం కలిగించే ఉదాహరణ మరొకటి ఉన్నది. మలయాళంలో 'శర్కర', 'చక్కర' అనే మాటలు బెల్లాన్ని సూచిస్తాయి. 1498 తరువాత కేరళ తీరానికి వచ్చిన పోర్చుగీసువారు ఆ మాటను విని 'జాగర' అన్నారు. అదే ఆంగ్లంలో 'జాగరీ' అయింది. కనుక ఆంగ్లంలో షుగర్, జాగరీ అనేవి ఒకే తల్లి బిడ్డలు. ఒకటి పారశీక, అరబ్బు దేశాల మీదుగా శతాబ్దాలు నడిచి చేరింది. మరొకటి సముద్రమార్గాన చేరింది. అనకాపల్లి బెల్లాన్ని జాగరీ అని, చక్కెరను షుగర్ అని ఆంగ్లంలో చెప్పేవారు ఒకే మాటను రెండుసార్లు పలుకుతున్నారన్నమాట.

ఖండ శబ్దం కూడా ఇటువంటి యాత్రే చేసింది. పారశీకంలో అది 'కంద్' అయింది. ఐరోపా చేరి, ఆంగ్లంలో పిల్లలు ఇష్టపడే 'కాండీ' అయింది. పారశీకంలో గుల్ అంటే గులాబీ. గులాబీ రేకులను చక్కెరలో ఊరవేసి చేసే పదార్థం 'గుల్కంద్'. హైదరాబాదులో కిళ్ళీలో వేసే గుల్కంద్ పేరులో ఉన్నది భారతదేశం నుండి వెళ్ళి, పారశీక వేషం ధరించి తిరిగివచ్చిన ఖండమే. తెలుగువారు పటికబెల్లాన్ని కలకండ అంటారు. ఆ మాటలోని 'కండ' కూడా ఇదే. హిందీలో చక్కెరను 'చీనీ' అని, పటికబెల్లాన్ని 'మిస్రీ' అని అంటారు. మొదటిది చైనా పేరును, రెండవది ఈజిప్టు పేరైన మిస్ర్‌ను గుర్తుచేస్తాయి. తీపిని లోకానికి నేర్పిన దేశమే తీపికి పరదేశాల పేర్లను స్వీకరించింది. ఇచ్చిపుచ్చుకోవడం భాషలకు సహజమని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

అయితే ఈ మాట చరిత్ర అంతా తియ్యనిది కాదు. 1493లో కొలంబస్ తన రెండవ యాత్రలో చెరకు మొక్కలను కరీబియన్ దీవులకు తీసుకొనిపోయాడు. అక్కడ విస్తరించిన చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 16వ శతాబ్ది నుండి 19వ శతాబ్ది వరకు సుమారు 1 కోటి 25 లక్షలమంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలలో ఎక్కించారు. అవతలి తీరం చేరకుండానే లక్షలమంది మరణించారు. బతికినవారిలో చాలామంది చెరకు తోటలలో జీవితాలు ధారపోశారు. ఔషధంగా తూచి అమ్మిన చక్కెర ఐరోపా సామాన్యుని తేనీటిలో చేరడానికి కారణం ఈ బానిసల శ్రమయే.

బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ నిర్మూలన చట్టాన్ని ఆమోదించింది. తోటల యజమానుల చూపు భారతదేశం మీద పడింది. 1834 నుండి మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, 1879 నుండి ఫిజీకి ఒప్పందంపై భారతీయ కూలీలను పంపారు. మద్రాసు రాజధాని నుండి వెళ్ళినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. వారు వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని ఆంగ్లంలో 'అగ్రిమెంట్' అంటారు. చదువురాని కూలీల నోట ఆ మాట 'గిర్మిట్' అయింది. ఆ ఒప్పందానికి కట్టుబడినవారు 'గిర్మిటియాలు' అయ్యారు. శర్కర అనే మాట పరాయి నోళ్ళలో షుగర్ అయినట్లే, అగ్రిమెంట్ అనే మాట భారతీయుల నోట గిర్మిట్ అయింది. మొదటి మార్పు వెనుక వర్తకుల లాభం ఉన్నది. రెండవ మార్పు వెనుక ఇల్లు విడిచిన నిరుపేదల దుఃఖం ఉన్నది. 1917లో ఈ విధానంలో కూలీలను పంపడం ఆగిపోయింది. మారిషస్‌లో స్థిరపడిన తెలుగువారి సంతతి నేటికీ ఉగాది జరుపుకొంటున్నారు. ఆ దినం అక్కడ ప్రభుత్వ సెలవుదినం.

శుభవార్త చెప్పినవారిని "నీ నోట చక్కెర పొయ్య" అని దీవించడం తెలుగువారి ఆచారం. ఆ చక్కెర, షుగర్ ఒకటేనని తెలిసినప్పుడు పరభాషల పట్ల ద్వేషానికి గాని, స్వభాష పట్ల న్యూనతకు గాని చోటుండదు. మాట ఎక్కడ పుట్టిందన్నది తెలిస్తే సంతోషం కలుగుతుంది. అది ఎవరి భుజాల మీద ప్రయాణం చేసిందో కూడా తెలుసుకున్నప్పుడే ఆ తెలివి సంపూర్ణమవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు = మొదటినుండి ఉన్న వృత్తాంతం
దేశాంతరం = మరొక దేశం
నిదర్శనం = ఉదాహరణ, దృష్టాంతం
న్యూనత = తక్కువతనం
సంతతి = వంశంవారు

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శర్కర శబ్దం షుగర్‌గా మారిన క్రమాన్ని వివరించండి.
2. చక్కెర చరిత్ర అంతా తియ్యనిది కాదు అనడానికి గల కారణాలను తెలపండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. షుగర్, జాగరీ అనే మాటల సంబంధం ఎట్టిది?
2. 'గిర్మిట్' అనే మాట ఎలా ఏర్పడింది?

ఇ) ఈ కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
దేశాంతరం, పుట్టినిల్లు