పేపరు వెనక అంకె

కొత్త కారు అద్దంలా మెరుస్తుంది. అందులో మన ముఖం కనిపిస్తుంది. రంగు వేయగానే ఆ మెరుపు అన్నిసార్లూ రాదు. షెడ్డులో మళ్లీ రంగు వేసిన కారుకు, ఆరిన తరువాత ఇంకా పని ఉంటుంది. ముందు నీళ్ల పేపరుతో రుద్దాలి. తరువాత మిషనుతో పాలిష్ పట్టాలి.

విజయవాడలో ఆటోనగర్ ఉంది. అక్కడ లారీలు, బస్సులు, కార్లు బాగుచేసే షెడ్లు వరసగా ఉంటాయి. అలాంటి షెడ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. పాలిష్ పని మగవాళ్లదే అని చాలామంది అనుకుంటారు. కాని ఈ పనికి కండబలం ఒక్కటే చాలదు. ఓపిక కావాలి. కంటిచూపు కావాలి. అంకెలు చదవడం రావాలి.

రంగు కింద ఏముంది?

కారు రేకు మీద ముందు ప్రైమరు వేస్తారు. దాని మీద రంగు వేస్తారు. అన్నిటికంటే పైన క్లియర్ కోటు వేస్తారు. దీనికి రంగు ఉండదు. గాజులా ఉంటుంది. కారుకు మెరుపు ఇచ్చేది ఈ పొరే.

ఈ పొర మందం మామూలుగా 40 నుంచి 60 మైక్రాన్లు. 1 మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు ఉంటాయి. అంటే ఈ పొర దాదాపు ఒక తలవెంట్రుకంత మందం. అంతే! రుద్దిన ప్రతిసారీ ఇది కొంచెం తరుగుతుంది. తరిగింది మళ్లీ రాదు.

గీతలు ఎలా వస్తాయి?

రంగు తడిగా ఉన్నప్పుడు దుమ్ము నలుసులు పడతాయి. ఒక్కోచోట రంగు కారుతుంది. ఒక్కోచోట బత్తాయి తొక్కలా గరుకుగా ఉంటుంది. నీళ్ల పేపరుతో రుద్దితే ఇవి పోతాయి. కాని సన్నని గీతలు పడతాయి. రంగు మంచు కప్పినట్టు మసగ్గా కనిపిస్తుంది.

ఆ గీతలను మిషను తీస్తుంది. గీత పూడిపోదు. గీతకు రెండు పక్కలా ఉన్న గట్టు తరుగుతుంది. గట్టు తరిగితే నేల చదునవుతుంది. గీత ఎంత లోతుగా ఉంటే అంత గట్టు తరగాలి. అందుకే మొదటే లోతు గీత పడకుండా చూసుకోవాలి.

ఏ పేపరు ఎంచుకోవాలి?

ఒక షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు పని చేస్తున్నారు అనుకుందాం. ఒకామె పాత మనిషి. ఇంకొకామె కొత్తగా చేరింది.

“అక్కా, ఈ రెండు పేపర్లూ నల్లగానే ఉన్నాయి. ఏది తీసుకోను?”

“వెనక్కి తిప్పి అంకె చదువు.”

“ఒకదాని మీద 400 ఉంది. ఇంకోదాని మీద 2000 ఉంది.”

“ఏది గరుకు?”

“2000 పెద్ద అంకె. అదే గరుకు కదా అక్కా?”

“కాదు చెల్లీ. అంకె పెద్దదైతే రేణువు చిన్నది. పిండి జల్లెడ తలుచుకో. కన్నాలు దగ్గర దగ్గరగా ఉన్న జల్లెడలో పిండి మెత్తగా దిగుద్ది. ఇదీ అంతే.”

“400 పేపరు పెడితే ఏమవుద్ది?”

“అది ప్రైమరు మీద వాడేది. క్లియర్ కోటు మీద పెడితే గీత లోతుగా పడుద్ది. దాన్ని తీయబోతే పొరే పోద్ది. మళ్లీ బానెట్టు అంతా రంగు వేయాలి. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుద్ది?”

చూశారా! ఒక్క అంకె చదవడంలో ఎంత లాభం ఉందో.

పని చేసే పద్ధతి

1. రంగు పూర్తిగా ఆరాలి. ఎంతసేపు ఆరాలో రంగు డబ్బా మీద రాసి ఉంటుంది. చదవాలి.

2. నీడలో పని చేయాలి. రేకు చల్లగా ఉండాలి.

3. 2000 పేపరును నీళ్లలో తడిపి నిలువుగా రుద్దాలి. ఆ తరువాత 3000 పేపరుతో అడ్డంగా రుద్దాలి. నిలువు గీతలు పోయేవరకు రుద్దాలి. అప్పుడు మిషనుకు పని తగ్గుతుంది.

4. నీళ్లు పాలలా తెల్లగా వస్తే క్లియర్ కోటు తరుగుతోందని అర్థం. కారు రంగు కనిపిస్తే వెంటనే ఆపాలి. క్లియర్ కోటు పోయిందన్నమాట. క్లియర్ కోటు లేని పాత కార్లకు మాత్రం రంగు రావడం మామూలే.

5. కారును కడిగి తుడవాలి. అంచులకు, మడతలకు టేపు అంటించాలి. అక్కడ పొర పలుచగా ఉంటుంది. త్వరగా పోతుంది.

6. ప్యాడ్ మీద నాలుగైదు చుక్కల కాంపౌండు వేయాలి. ఒకసారికి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చాలు. ప్యాడ్‌ను రేకుకు ఆనించాకే మిషను ఆన్ చేయాలి. ముందు నెమ్మదిగా తిప్పి కాంపౌండు పరచాలి. తరువాత వేగం కొంచెం పెంచాలి.

7. మిషనును ఒకే చోట ఆపకూడదు. వేడికి రంగు కాలుతుంది. రేకును చేత్తో తాకి చూస్తూ ఉండాలి. ప్లాస్టిక్ బంపరు దగ్గర ఇంకా జాగ్రత్త.

8. మెత్తని గుడ్డతో తుడిచి, లైటు వెలుగులో చూడాలి. తిన్నని గీతలు ఇంకా ఉంటే మిషనును గట్టిగా నొక్కకూడదు. అక్కడ మళ్లీ 3000 పేపరుతో రుద్ది, మళ్లీ మిషను పట్టాలి.

9. చివర మెత్తని స్పాంజి ప్యాడ్‌తో సన్న పాలిష్ పట్టాలి. కాంపౌండు వదిలిన మసక పోతుంది.

ఒళ్లు జాగ్రత్త

తిరిగే మిషను కొంగును లాగేస్తుంది. కొంగు నడుముకు దోపాలి. జడ ముడి వేయాలి. గాజులు తీయాలి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. నీళ్ల పని అయ్యాక నేల, చేతులు తుడుచుకోవాలి. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకూడదు. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. ప్లగ్గు తీశాకే ప్యాడ్ మార్చాలి.

కూలి సంగతి

రుద్దే పనికి ఒక కూలి, మిషను పట్టే పనికి ఇంకో కూలి ఇచ్చే చోట్లు ఉంటాయి. ఒకే పని చేస్తే ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. మిషను పట్టినవాళ్లు మిషను కూలి అడగాలి. ప్రతిరోజూ చిన్న పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, చేసిన పని, వచ్చిన డబ్బు. ఈ మూడూ రాసి ఉంటే అడిగే మాటకు బలం వస్తుంది.

చెప్పండి

1. 1500, 400, 3000, 2000. ఈ పేపర్లను బాగా గరుకైన దానితో మొదలుపెట్టి వరసగా రాయండి.

2. మిషనును ఒకే చోట ఎందుకు ఆపకూడదు?

3. నీళ్లలో కారు రంగు కనిపిస్తే ఏం చేయాలి?

4. ఈ రోజు మీరు చేసిన పని, వచ్చిన కూలి మూడు వాక్యాల్లో రాయండి.